వరి సాగులో ఆచారాలు: ఏవి చేయాలి, ఏవి వదిలేయొచ్చు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. శ్రీకాళహస్తి దగ్గర తాతగారి రెండెకరాల మాగాణి మీ చేతికి వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూనే ఈ ఏడాది మొదటిసారి వరి పెట్టబోతున్నారు. ఊళ్ళో ఒకరు ఈశాన్య మూల పూజ చేయకుండా నాటొద్దంటున్నారు. ఇంకొకరు పొట్ట మీదున్న (కంకి బయటికి రాబోయే) కయ్యలోకి, అంటే వరి మడిలోకి, చెప్పులతో దిగొద్దంటున్నారు. చెరువు గంగమ్మకు పొట్టేలని చందా అడుగుతున్నారు. వడ్లు కొలిచేటప్పుడు 'ఒకటి' అనకూడదట. ఇందులో ఏది తప్పితే పంట పోతుంది, ఏది తప్పినా పరవాలేదు అని అడిగారు. అన్నీ చేయాలంటే టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. ఏది తప్పినా పంట పోదు. వరికి కావలసింది వేళకు నీళ్ళు, అదునులో నాటు, మంచి విత్తనం, పురుగు మీద ఒక కన్ను. అయితే నలుగురితో ముడిపడిన ఆచారాలను మాత్రం వదలొద్దు. చెరువు పూజ, నాట్ల మొదటిరోజు కూలీలకు పెట్టే తిండి, పంట ఇంటికొచ్చినప్పుడు ఇచ్చే గింజలు, కనుమ నాడు పొలాల్లో పొంగలి చల్లే పొలి. ఇవి మానేస్తే పైరుకు ఏమీ కాదు. మీకే, రేపు చెరువు తూము దగ్గర నీళ్ళ కోసం మాట్లాడేటప్పుడు, నాట్లకు మనుషుల్ని పిలిచేటప్పుడు తేడా తెలుస్తుంది. ఇంట్లో మీరొక్కరే చేసుకునేవి మీ ఇష్టం. మనిషిని దూరం పెట్టేవి కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం నిర్మొహమాటంగా మానేయండి.

నాది పుత్తూరు వైపు. చెరువు కింద మాగాణి, కొంత బోరు కింద. మా నాయన మడక (నాగలి) పట్టిన రోజుల నుంచి కోత మిషన్లు వచ్చిన దాకా వరిలోనే ఉన్నాను. కాబట్టి నేను చెప్పేది తూర్పు మండలాల పద్ధతి. పలమనేరు, మదనపల్లి వైపు వేరేగా ఉంటుంది. గూడూరు, సూళ్ళూరుపేట 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా వాళ్ళ సేద్యం నెల్లూరు సేద్యమే. మీ ఊరి పెద్దలు నాకు భిన్నంగా చెబితే వాళ్ళ మాటే వినండి. ఆచారం అనేది ఊరిది.

ముందు కార్తెల సంగతి. మీరు దీని గురించి అడగలేదు గానీ, పాతవాళ్ళు వదిలిపోయిన వాటిలో నిజంగా పొలానికి పనికొచ్చేది ఇదే. మా నాయన నాట్లకు ముహూర్తం చూసేవాడు కాదు, కార్తె చూసేవాడు. ఇరవై ఏడు నక్షత్రాల పేర్లతో ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి రమారమి పద్నాలుగు రోజులు. సూర్యుడి నడకను బట్టి లెక్క కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర, సెప్టెంబరు రెండో వారంలో ఉత్తర, అక్టోబరు చివర్లో స్వాతి. పండుగల తేదీలు ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి, కార్తెలు జరగవు. వానల లెక్క గుర్తుపెట్టుకోవడానికి రైతుకు అంతకంటే ఏం కావాలి?

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత. ఉత్తర కార్తె దాకా చూసి, అప్పటికీ వాన పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలమని. వేరుశనగ వేసే మెట్ట చేలకు అది సరిపోతుంది. చెరువు కింద వరికి మాత్రం మన వైపు పెద్ద వానలు ఆ తర్వాతే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. అందుకే జ్యేష్ఠ పున్నమికి వచ్చే ఏరువాక మా ఊళ్ళో పెద్ద పండుగ కాదు. ఆ రోజు మడకకు పసుపు కుంకుమ పెట్టి, ఎద్దులకు పొంగలి తినిపించి, ఒక సాలు దున్ని ఇంటికొచ్చేసేవాళ్ళం. చెరువులో చుక్క నీళ్ళుండవు, ఇంకేం చేస్తాం! టీవీలో ఏరువాక సంబరాలు చూసి మీరు జూన్‌లో నారు పోయాలనుకుంటే, బోరు ఉంటేనే ఆ పని చేయండి.

దీన్ని మీ విత్తనానికి కలిపి చూసుకోండి. బీపీటీ 5204 రకం వరి దాదాపు ఐదు నెలల పంట. ఏడీటీ 37 లాంటివి మూడున్నర నెలలకే కోతకొస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో గింజ పండేలా లెక్క వేసుకుంటే పండిన పైరును తుపానుకు ఎదురు పెట్టినట్టే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలోనూ నెల్లూరులోనూ ఎన్ని కయ్యలు నీళ్ళలో మునిగాయో ఊళ్ళో అడిగితే చెబుతారు. పూజ ఏ రోజు చేయాలి అన్నదానికంటే కోత ఏ కార్తెలో పడుతుంది అన్నది నాలుగింతలు ముఖ్యం.

ఉగాది నాడు గుళ్ళో పంచాంగం చదువుతారు. సస్యాధిపతి ఎవరు, మేఘాధిపతి ఎవరు, వాన సముద్రం మీద ఎంత, కొండల మీద ఎంత, భూమ్మీద ఎంత అని. వెళ్ళి వినండి, బాగుంటుంది. అది విని విత్తనం మార్చిన రైతును నేనైతే చూడలేదు.

నారుమడి. ఇది ఇంటి వ్యవహారం. నారు పోసే రోజు మడి మూలలో వేపమండ గుచ్చి, పేడముద్దలో గరిక పెట్టి వినాయకుడు అనుకుని, పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొడతారు. మొదటి గుప్పెడు తూర్పుకు తిరిగి, చెయ్యి మంచిదని పేరున్న మనిషి చల్లుతారు. ఆ రోజు ఇంట్లోంచి నిప్పు గానీ డబ్బు గానీ పెరుగు గానీ బయటికి ఇవ్వరు. మా అవ్వ ఈ విషయంలో చాలా గట్టి మనిషి. పక్కింటామె తోడుకు చుక్క మజ్జిగ అడిగినా "రేపు రా తల్లీ" అనేది.

ఇవి చేస్తారో లేదో మీ ఇష్టం. ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. నీళ్ళలో తాజా కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపి, అందులో విత్తనాలు పోసి, తేలిన తాలు గింజల్ని తీసేయండి. మునిగినవాటిని మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మొలకెత్తడానికి గోనెసంచిలో మండె కట్టండి. ఏ దేవుడికి మొక్కినా తాలు గింజ మొలవదు.

నాట్లు. ఈశాన్య మూల సంగతి ఇక్కడే వస్తుంది. కయ్యకు ఈశాన్యంలో, గెనిమ (గట్టు) మీద, మూడో ఐదో చిన్న రాళ్ళు కడిగి పసుపు రాసి బొట్టు పెడతారు. అవే గంగమ్మ. నారు కట్ట ఒకటి అక్కడ పెట్టి, కర్పూరం వెలిగించి, పెద్దామె ఒకరు మొదటి కుదురు నాటితే మిగతావాళ్ళు దిగుతారు. ఎందుకు ఈశాన్యమంటే, వాస్తులో అది నీళ్ళ దిక్కు. నీళ్ళు పెట్టే మడవ మీ కయ్యకు నైరుతిలో ఉంటే అక్కడే చేయమని చెప్పే పెద్దలూ ఉన్నారు. దిక్కు గురించి గొడవ పడకండి.

గొడవ పడాల్సిందల్లా తిండి విషయంలో. మొదటిరోజు నాట్లకు వచ్చినవాళ్ళకు రైతు ఇంటి నుంచి ఏదో ఒకటి పోవాలి. మా ఇంట్లో బొరుగులు, బెల్లం, శనగపప్పు కలిపి పంచేవాళ్ళు, మధ్యాహ్నం పప్పు, అన్నం, వడలు. ఇప్పుడు నాట్లు ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటున్నారు, బయటి నుంచి ముఠాలుగా వచ్చి వేసి పోతున్నారు, వాళ్ళకు మీ రాళ్ళ పూజతో పనిలేదు. అయినా సరే, ఆ తిండి పెట్టండి. వచ్చే ఏడాది ఒకే వారంలో ఊరంతా నాట్లకు మనుషుల కోసం వెతుక్కుంటుంటే, మీకు ముఠామేస్త్రి ఫోన్ ఎత్తుతాడా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది.

వారాల పట్టింపు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. అమావాస్య నాడు మడక కట్టకూడదు, కొన్ని ఇళ్ళలో సోమవారం బసవన్న రోజని కట్టకూడదు. ఎద్దులకు సెలవు దొరికేది, మంచిదే. ఇప్పుడు ట్రాక్టరుకు అమావాస్య లేదు. డ్రైవరు పొద్దున్నే నిమ్మకాయలు తొక్కించి, ఆ వెంటనే దమ్ముకు దిగుతున్నాడు. ట్రాక్టరు దొరికిన రోజే మీకు మంచిరోజు.

ఇక చెరువు. పొట్టేలు చందా ఇవ్వాలా అని అడిగారు. ఇవ్వండి.

మన ఊళ్ళలో చెరువు కట్ట మీద, తూముకు దగ్గర్లో, వరసగా ఏడు రాళ్ళు కనిపిస్తాయి. అక్కదేవతలు, ఏడుగురు అక్కచెల్లెళ్ళు. పక్కనే గంగమ్మ. చెరువు నిండి మొరవ (అలుగు) పారిన రోజు ఊరి ఆడవాళ్ళు చీర, రవికెగుడ్డ, గాజులు, పసుపు కుంకుమ తెచ్చి నీళ్ళకు ఇస్తారు. పొంగళ్ళు పెడతారు. ఆ తర్వాత కొద్దిరోజులకు తూము ఎత్తే రోజు మళ్ళీ ఒక పూజ ఉంటుంది, పొట్టేలు ఆ రోజే.

ఈ రెండో పూజను జాగ్రత్తగా గమనించండి. ఆయకట్టు రైతులందరూ ఒకచోట చేరేది ఆ ఒక్క రోజే. చెరువు సగమే నిండితే ఎన్ని ఎకరాలకు నీళ్ళు ఇవ్వాలి, పై కయ్యలకు ముందా చివరి కయ్యలకు ముందా, వంతులు ఎలా, కయ్యలకు నీళ్ళు పంచే నీరుగంటికి ఎకరాకు ఎన్ని వడ్లు, కాలువ పూడిక ఎవరు తీయాలి, ఇవన్నీ ఆ పొట్టేలు ఉడికేలోపు తేలిపోతాయి. రాతకోతలు ఉండవు. గంగమ్మ ఎదురుగా ఒప్పుకున్న మాట కాబట్టి తప్పడానికి జంకుతారు. ఒక ఏడాది నీళ్ళు తక్కువైతే, మా ఊళ్ళో ప్రతి ఒక్కరూ తమ మాగాణిలో మూడో వంతే నాటుకోవాలని అక్కడే అనుకున్నారు. రెండెకరాలున్నవాడూ పదెకరాలున్నవాడూ ఒకే లెక్కన తగ్గించుకున్నారు. చందా ఇవ్వనివాణ్ణి ఎవరూ తిట్టరు. కానీ ఆ రోజు అక్కడ లేనివాడి కయ్యకు వంతు రాసేదెవరు? మీలాగా బయట ఉండి సేద్యం చేసేవాళ్ళు సెలవు పెట్టుకుని రావాల్సిన రోజు ఏదైనా ఉంటే అది ఇదే. నాట్లకు రాకపోయినా పరవాలేదు.

జంతుబలి ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పి, నా వంతు బియ్యం, టెంకాయలు ఇస్తానంటే ఎవరూ కాదనరు. చట్టం మాటకొస్తే, గుళ్ళ దగ్గర బలులను నిషేధిస్తూ 1950లోనే చట్టం వచ్చింది. కొన్ని ఊళ్ళు బూడిద గుమ్మడికాయతో సరిపెట్టుకుంటున్నాయి, కొన్ని మారలేదు.

ఇదంతా మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళు 2021 నవంబరును ఒకసారి గుర్తు చేసుకోవాలి. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట లీకై, ఎప్పుడు తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. అప్పుడు కట్టను కాపాడింది ఇసుక మూటలు, రాత్రీపగలూ పనిచేసిన మనుషులు. పూజ కట్టను నిలబెట్టదు, నిజమే. కానీ ఏడాదికి రెండుసార్లైనా ఊరంతా కట్ట మీద నడిచే ఊళ్ళో ఎలుక బొక్కా, చీమల పుట్టా, కంపచెట్టు వేరూ ఎవరో ఒకరి కంట పడతాయి. ఆ పూజలు మానేసిన చెరువులు కొన్ని చూశాను, కట్ట మీదికి పోవడానికి దారి కూడా లేదు.

పొట్ట దశ, చెప్పులు. వరి పొట్టకొచ్చిందంటే నిండు చూలాలితో సమానమని ఇంటి ఆడవాళ్ళ నమ్మకం. మా అవ్వ ఆ వారంలో ఒక శుక్రవారం పసుపునీళ్ళు, వేపమండ తీసుకుపోయి నాలుగు మూలలా చల్లి వచ్చేది. చెప్పులు వదిలి దిగాలి, గట్టిగా అరవకూడదు, గర్భవతి దగ్గర ఎలా ఉంటామో అలా ఉండాలి. ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది: ఆ దశలో అనవసరంగా కయ్యలోకి దిగొద్దు. మంచు తడి ఆరకముందే పైరులో తిరిగితే ఆకు గాయపడి ఎండాకు తెగులు ఒక కుదురు నుంచి ఇంకోదానికి అంటుకోవడానికి దారి దొరుకుతుంది. అంతకు మించి చెప్పులకూ గింజకూ సంబంధం లేదు. మందు కొట్టేటప్పుడు మాత్రం బూట్లు వేసుకోండి, గంగమ్మ ఏమీ అనుకోదు. పాములున్న చోట కూడా అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాట్సాప్‌లో "మన పూర్వీకుల ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉంది" అని తిరుగుతుంటాయి. లేదు. కొన్నిటికి కారణం ఉంది, కొన్ని భయంతో పుట్టాయి, కొన్ని పక్కింటివాళ్ళు చేశారని మనవాళ్ళూ చేశారు. దిష్టిబొమ్మ మొహాన సున్నం బొట్లు పెడితే పిచ్చుకలు రెండు రోజులు బెదురుతాయి, మూడో రోజు దాని నెత్తినే కూర్చుంటాయి. అయినా మా కయ్యలో ఏటా నిలబెడతాం. పిల్లలకు అదొక సరదా.

నాగుల చవితి మాత్రం ఆలోచించాల్సినదే. కార్తీకంలో, కయ్యల నిండా ఎలుకలు తిరిగే కాలంలో వస్తుంది. గెనిమ మీద పుట్టను తవ్వకూడదని, పామును చంపకూడదని కట్టడి. పాము పాలు తాగదు, కానీ ఎలుకల్ని తింటుంది. పుట్టలో పాలు పోసినా పోయకపోయినా, పుట్టను ఉంచేయండి. ఎలుకల బెడద ఎక్కువైతే మన వైపు ఎలుకలు పట్టే యానాది గిరిజనులను పిలిచేవాళ్ళం. వాళ్ళకు తెలిసినంతగా ఎలుక బొక్క సంగతి ఏ మందుకూ తెలియదు. బొక్కల్లో దొరికిన వడ్లు వాళ్ళవే, రైతు అడగకూడదు, అది రివాజు. ఇప్పటికీ పాటించాల్సిన రివాజు. పైన కూలి కూడా ఇవ్వండి.

కళ్ళం. ఆచారాలన్నిట్లోకీ గొప్పది కళ్ళమే, ముందుగా పోయిందీ అదే. పేడతో అలికిన నేల, నడుమ మేటి కొయ్య, దాని చుట్టూ బంతి కట్టిన పశువులు. సాయంత్రం గాలి తిరిగాక తూర్పార పట్టి, వడ్లు రాశి పోస్తారు. రాశి కొనకు గరిక గుచ్చిన పేడ వినాయకుడు. చుట్టూ బూడిదతో గీత, ఆ గీత దాటి చెప్పులు పోకూడదు. రాశిలో కొడవలి గుచ్చి పెడతారు, దిష్టికి. కొలిచే మనిషి తూర్పుకు తిరిగి కూర్చుంటాడు, ఎవరూ మాట్లాడకూడదు. మొదటి కొలత 'లాభం', ఆ తర్వాత రెండు, మూడు. కొందరు ఏడు దగ్గర ఆగి 'ఆరున్నొకటి' అంటారు. ఇక్కడ తూమంటే వడ్ల కొలత; తూము మీద తూము, ఇరవై తూములైతే ఒక పుట్టి.

ఆ మౌనం భక్తికే అనుకుంటారు మీ వయసువాళ్ళు. కొలత దగ్గర ఎవరెవరు కూర్చునేవాళ్ళో తెలిస్తే అసలు సంగతి అర్థమవుతుంది. కౌలు వడ్లు తీసుకోవలసిన ఆసామి, అప్పు ఇచ్చిన షావుకారు, నీరుగంటి, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, కోత కోసినవాళ్ళు. అందరికీ ఆ రాశిలోనే వాటా. మధ్యలో ఒక్క మాట పడి లెక్క తప్పితే రాత్రంతా తగువే. అందరి కళ్ళ ముందు, ఒకే గొంతుతో, ఎక్కడా ఆగకుండా లెక్క సాగాలి. ఈ వాటానే మేర అంటారు; అది అందరికీ ఇచ్చాక మిగిలిందే ఇంటికి పోయేది. గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, జంగందేవర కూడా కళ్ళం కాలం తెలిసి వచ్చేవాళ్ళు, వాళ్ళకో చేటెడు. చివరికి కళ్ళం అడుగున మట్టితో కలిసిన గింజలు ఊడ్చినవాళ్ళవి.

ఇప్పుడు కోత మిషన్ పొద్దున వచ్చి మధ్యాహ్నానికి రెండెకరాలు కోసి ట్రాక్టరులో పోసి పోతుంది. రోడ్డు పక్క పట్ట మీద ఆరబోసి, తేమ 17 శాతానికి దిగిందా అని చూసుకోవడమే మన కళ్ళం. మరి మీరేం చేయాలి? మిషన్ దిగకముందు, పూజ చేసిన మూలలో ఒక చారెడు మేర కొడవలితో చేత్తో కోయించండి. ఎలాగూ మిషన్ తిరగడానికి మూలలు చేత్తో కోయాల్సిందే. ఆ కంకుల్ని ఒక కుచ్చుగా అల్లించి వసారాలో వేలాడదీయండి, పిచ్చుకలు తింటాయి. కొన్ని వడ్లు పసుపు గుడ్డలో ముడుపు కట్టి కొండకు పోయినప్పుడు స్వామికి ఇవ్వడం మన వైపు చాలా ఇళ్ళలో ఉంది. మూటలు లెక్క పెట్టేటప్పుడు మొదటిదాన్ని 'లాభం' అనండి, అందులో పోయేదేముంది. నీరుగంటికి ఇవ్వాల్సింది మాత్రం డబ్బుగా కాకుండా వడ్లుగానే ఇవ్వండి. డబ్బు ఇస్తే అది జీతం, రేపు ఎవరైనా ఎక్కువిస్తే అటు పోతాడు. వడ్లు ఇస్తే మీ పంటలో అతనికి వాటా ఉన్నట్టు. మా ఊరి నీరుగంటి ఇప్పటికీ ఈ తేడా చూస్తాడు.

కొత్త బియ్యం వెంటనే తినొద్దు. కొత్తవి వండితే ముద్దవుతాయి, అన్నం ఒదగదు, కొందరికి కడుపులో బరువు. సంక్రాంతికి పొంగలి పెట్టడానికి మాత్రం అవే బాగుంటాయి. ఆ రోజు పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, కొత్త బియ్యంతో వండినది చూపించి, ఆ తర్వాత మనం తింటాం.

కనుమ. మన జిల్లావాళ్ళకు సంక్రాంతి కంటే కనుమే పెద్దది, పశువుల పండుగ. ముందురోజుల్లో అడవికి పోయి నేరేడు చెక్క, మద్ది చెక్క, నల్లేరు, మారేడు కాయ, ఇంకా ఎన్నో తెచ్చి, ఉప్పు వేసి రోట్లో దంచుతారు. ఉప్పుచెక్క అంటారు. దాన్ని పశువు నోరు తెరిచి బలవంతంగా తినిపించడం ఒక యుద్ధం. కొమ్ములు చెక్కి రంగులు పూసి, సాయంత్రం ఊరి బయట కాటమరాజు దగ్గరకు తోలుకుపోతారు. మేత బీళ్ళ పుల్లరి (మేత పన్ను) దగ్గర నెల్లూరు సిద్ధిరాజుతో యుద్ధానికి దిగిన యాదవ వీరుడు కాటమరాజు, పశువుల పండుగకు ఆయనే దేవుడు. అక్కడ పొంగళ్ళు పెట్టి, కంపలతో పేర్చిన చిట్లాకుప్పకు నిప్పు పెడతారు. మంట లేవగానే పశువులు బెదిరి పరుగెత్తుతాయి, పిల్లల కేకలు, దుమ్ము.

ఆ తర్వాత పసుపు కుంకుమ కలిపిన పొంగలి గిన్నెలో తీసుకుని, "పొలో పొలి" అని అరుస్తూ పొలాల వెంట చల్లుకుంటూ పోతారు. ఇది మీకు చెప్పాలని ఉంది. పొలి చల్లే మనిషి గెనిమలు చూడడు, ఎవరి కయ్య అని అడగడు. చెరువు కింద ఉన్న ప్రతి కయ్యలో నాలుగు మెతుకులు పడాలి. కొట్లాడుకుని మాటల్లేనివాళ్ళ పొలంలోనూ పడాలి. మీ కయ్య ఒక్కటే వదిలి పోతే మీకెలా ఉంటుందో ఊహించుకోండి. పొలి ఖర్చుకు ఊళ్ళో ఎంత అనుకుంటే అంతా ఇవ్వండి. వీలైతే ఆ సాయంత్రం అక్కడ ఉండండి, ఎద్దులు లేకపోతే ట్రాక్టరు కడిగి దండ వేసేవాళ్ళూ ఉన్నారు.

వానల కోసం చేసేవి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే చేయాల్సిన అవసరం రాకూడదనే కోరుకుంటాం. రోకలికి వేపమండలతో కప్పను కట్టి పిల్లలు ఇల్లిల్లూ తిరగడం, విరాటపర్వం చదివించడం, బండ మీద వరదపాశం (పాయసం) పోసి నాకడం. మన వైపు ధర్మరాజుల గుళ్ళలో జరిగే భారతం ఉత్సవాలకు కూడా వాన కోరికే ఉంటుంది. అర్జునుడి తపసుమాను (తపస్సుకు మాను ఎక్కే ఘట్టం) రోజు చినుకు పడితే జనం ముఖాలు చూడాలి.

ఇక మానేయాల్సినవి. ముట్టులో ఉన్నవాళ్ళు నారుమడి తొక్కకూడదు, భర్త పోయినామె మొదటి కుదురు నాటకూడదు, ఫలానా కులంవాళ్ళు రాశిని తాకకూడదు. నాటింది ఆ ఆడవాళ్ళు, కలుపు తీసింది వాళ్ళు, కోసింది వాళ్ళు. గింజ రాశి అయ్యాక దూరం నిలబడమంటే దానికి ఏ దేవుడి పేరు పెట్టినా నేను ఒప్పుకోను. మా ఇంట్లో మా అమ్మ, మా నాయన పోయిన తర్వాత కూడా మొదటి కుదురు తానే నాటింది. ఊళ్ళో కొందరు గొణిగారు. ఆ ఏడు పంట ఎలా పండిందని అడిగితే, మామూలుగానే పండింది.

మీకు ఎవరైనా ఇలాంటివి చెబితే వాదనకు దిగకండి, పని మీది కాబట్టి మీరు చేయాలనుకున్నట్టు చేసేయండి. మొదటి కుదురు ఎవరు నాటాలో తేల్చుకోలేకపోతే, ఆ రోజు వచ్చిన నాట్ల కూలీల్లో పెద్దామెను అడగండి. రవికెగుడ్డ, తాంబూలం ఇచ్చి ఆమె చేతనే నాటించండి.

ఖర్చు చూసుకుంటే, ఇంటి పూజలన్నీ కలిపి టెంకాయలు, కర్పూరం, పసుపు కుంకుమలతో తేలిపోతాయి. రెండెకరాల సాగు ఖర్చులో అది లెక్కలోకి రాదు. చెరువు చందా, పొలి చందా ఊరి నిర్ణయం, బేరమాడొద్దు. ఇంతకంటే పెద్ద ఖర్చు చెప్పి, దోషం ఉంది, హోమం చేయాలి అని ఎవరైనా వస్తే ఆ డబ్బుతో పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ విత్తనాలు కొని కయ్యలో చల్లి, పూతకు వచ్చే ముందు దున్నేయండి.

మీ మాగాణి ఏ చెరువు ఆయకట్టులో ఉంది, బోరు ఉందా లేదా, ఏ రకం విత్తనం తెచ్చుకున్నారు, ఇవి రాయండి. నారు ఏ కార్తెలో పోయాలో దాన్ని బట్టి చెప్తాను. ఈలోపు మీ ఊరి నీరుగంటి ఎవరో కనుక్కుని ఒకసారి కలిసి రండి.